ఇసుక రాత నుంచి స్పర్శతెర దాకా: ఉపాధ్యాయుల సాంకేతిక శిక్షణ – ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

ముమ్మిడివరం నుంచి యానాం వైపు సాగే 216వ జాతీయ రహదారి మీద, వృద్ధ గౌతమీ తీరాన ఉన్న గ్రామం మురమళ్ళ. భద్రకాళీ సమేత వీరేశ్వరస్వామికి జరిగే నిత్యకల్యాణాల వల్ల ఈ ఊరి పేరు తెలుగువారికి సుపరిచితం. ఇది ఐ. పోలవరం మండలంలోనిది. మండలం పేరు ముందున్న ‘ఐ’ అక్షరం ‘ఐలాండ్’ అన్న మాటకు సంక్షేపం. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన వచ్చేవరకు ఇక్కడివారు కాకినాడ వైపు వెళ్ళాలంటే రేవు దాటవలసి వచ్చేది. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయ్యేవరకు ఇది తూర్పు గోదావరి జిల్లాలో భాగం. ఆ జిల్లా ఉపాధ్యాయ శిక్షణకు కేంద్రమైన జిల్లా విద్యాశిక్షణ సంస్థ రాజమహేంద్రవరం శివారులోని బొమ్మూరులో ఉంది.

ఈ భౌగోళిక వివరాలకు ప్రస్తుత విషయంతో సంబంధం ఉంది. శిక్షణ ఒకచోట జరుగుతుంది, బోధన మరొకచోట జరుగుతుంది. ఉపాధ్యాయుడు శిక్షణకేంద్రంలో నేర్చినది తన తరగతి గదికి చేరుకునే దారిలో ఎంత నిలుస్తుంది, ఎంత జారిపోతుంది అన్నదే శిక్షణ ఫలించిందా లేదా అన్న ప్రశ్నకు కీలకం. బోధనోపకరణం మారిన ప్రతిసారీ, అంటే ఇసుక, పలక, రేడియో, దూరదర్శన్, కంప్యూటరు, ట్యాబ్, స్పర్శతెర వచ్చిన ప్రతిసారీ, ఈ ప్రశ్న మళ్ళీ తలెత్తింది. తెలుగు నేల మీద జరిగిన ఆ ప్రయత్నాలను కాలక్రమంలో పరిశీలించి, ఉపాధ్యాయులకు ఇచ్చే సాంకేతిక శిక్షణ ఎప్పుడు ఫలించింది, ఎప్పుడు విఫలమైంది, ఎందువల్ల అన్నది నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం. శిక్షణ ఫలితం పరికరం కొత్తదనం మీద గాక, తరగతిలో కొనసాగే తోడ్పాటు మీద, పాఠ్యవిషయంతో పొత్తు మీద, ఉపాధ్యాయునికి దక్కే నిర్ణయాధికారం మీద ఆధారపడుతుందని ఇక్కడి ప్రతిపాదన.

1. ఇసుక రాత: బడి నుంచి పుట్టిన సాంకేతికత

బోధనా సాంకేతికత అనగానే విద్యుత్తుతో నడిచే యంత్రం మనసులో మెదలుతుంది. చరిత్ర దృష్టిలో నేల మీద పరచిన ఇసుక కూడా సాంకేతికతే. బళ్ళారి కలెక్టరుగా ఉన్న ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలో, అక్కడి తెలుగు, కన్నడ వీధిబడుల్లో పిల్లలు వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దే పద్ధతిని వర్ణించాడు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన క్యాంప్‌బెల్ ఇతడే. మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, నాటు బడిలో చూసిన ఇసుక రాతను తన ఆశ్రమంలో ప్రవేశపెట్టి, చదువు ముందుగా వచ్చిన పిల్లల చేత తోటిపిల్లలకు నేర్పించే పద్ధతిని రూపొందించాడు. 1797లో లండన్‌లో దాన్ని పుస్తకంగా ప్రకటించాడు. ఆ విధానం ‘మద్రాసు పద్ధతి’గా ఇంగ్లండులో వ్యాపించింది.

ఇసుక రాతకు ప్రత్యేక శిక్షణ అవసరం రాలేదు. అది ఉపాధ్యాయుని చేతిలోనే పుట్టిన పరికరం, చెడిపోతే బాగుచేసుకోవడానికి ఎవరి కోసమూ ఎదురుచూడనక్కరలేదు. అయితే క్యాంప్‌బెల్ నివేదికలో మరొక పరిశీలన కూడా ఉంది. పిల్లలు వల్లించే కావ్యభాష వాడుకభాషకు దూరమైనదని, అర్థం తెలియకుండానే వల్లె వేస్తున్నారని అతడు గుర్తించాడు. పరికరం ఎంత సహజమైనదైనా, దాని ద్వారా అందే విషయం అర్థవంతం కాకపోతే చదువు వల్లెవేతగా మిగులుతుందని దీని సారాంశం. తరువాతి రెండు శతాబ్దాల శిక్షణలకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది.

1826 మార్చి 10 నాటి మినిట్‌లో గవర్నరు థామస్ మన్రో, ఉపాధ్యాయులను తయారుచేయడానికి మద్రాసులో శిక్షణ పాఠశాల ఉండాలని, ప్రతి కలెక్టరేటు నుంచి అభ్యర్థులను రప్పించాలని ప్రతిపాదించాడు. అదే మినిట్‌లో ఉపాధ్యాయుల రాబడి నెలకు ఆరేడు రూపాయలకు మించడం లేదని, అంత తక్కువ ఆదాయానికి అర్హులు ఆ వృత్తిలోకి రారని రాశాడు. శిక్షణను ఉపాధ్యాయుని జీవనస్థితి నుంచి వేరుచేసి ఆలోచించరాదన్న గుర్తింపు దక్షిణాదిలో ఆధునిక ఉపాధ్యాయ శిక్షణ గురించిన తొలి ప్రతిపాదనలలోనే ఉంది. శిక్షణకు కేంద్రం మద్రాసు, శిక్షితుని పని దూరపు పల్లె అన్న అమరిక కూడా అప్పటిదే.

2. ఉపగ్రహ పాఠం: 1975–76

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు, అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం సాయంతో భారతదేశం ‘సైట్’ అనే బోధనా దూరదర్శన్ ప్రయోగాన్ని నిర్వహించింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు చేరాయి. ప్రసారభాషలు నాలుగింటిలో తెలుగు ఒకటి. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైనవి హైదరాబాదు చుట్టుపట్ల ప్రాంతాలు కాగా, గోదావరి జిల్లాలు ఆ పరిధిలోకి రాలేదు.

ఈ ప్రయోగంలో భాగంగా ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో 12 రోజుల శిక్షణ జరిగింది. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలిలోని విద్యా సాంకేతిక కేంద్రం దీనిని రూపొందించింది. రెండు విడతల్లో దాదాపు 50,000 మంది ఉపాధ్యాయులు పాల్గొన్నారు. ఇందులో దూరదర్శన్ ఒక్కటే సర్వస్వం కాలేదు. తెర మీద పాఠం చూడటం, రేడియో వినడం, ముద్రిత కరదీపిక చదవడం, చేతితో ప్రయోగం చేయడం, మార్గదర్శకుని సమక్షంలో చర్చించడం కలిసి ఒక క్రమంగా సాగాయి. చూసిన దానిని అదే రోజు చేసి చూడటం ఈ శిక్షణకు ఉన్న బలం. ఉపాధ్యాయుడు తన ఊరికి సమీపంలోని కేంద్రంలోనే కూర్చుని నేర్చుకోగలగడం మరొక బలం.

బలహీనత ప్రయోగం కాలపరిమితిలోనే ఉంది. ఏడాది గడువు తీరగానే ఉపగ్రహం వేరొక పనికి మళ్ళింది. 12 రోజుల్లో నేర్చిన పద్ధతిని ఉపాధ్యాయుడు బడిలో వాడుతున్నప్పుడు ఎదురయ్యే ఇబ్బందిని ఎవరికి చెప్పుకోవాలన్న దానికి ఆ ఏర్పాటులో స్థిరమైన జవాబు లేదు. 1983లో ఇన్సాట్-1బి ప్రయోగం తరువాత హైదరాబాదులో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ ఏర్పడి తెలుగులో బోధనా కార్యక్రమాలు తయారుచేసింది. కార్యక్రమాల తయారీకి శాశ్వతమైన వ్యవస్థ అయితే ఏర్పడింది గాని, వాటిని పాఠంలో ఇమిడ్చే ఉపాధ్యాయునికి తోడుండే వ్యవస్థ ఆ స్థాయిలో ఏర్పడలేదు.

3. యంత్రం లేని ప్రయోగం: ఉపాధ్యాయ కేంద్రాలు

బ్రిటిష్ ప్రభుత్వ ఆర్థిక సహాయంతో 1980లలో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వ్యవహారంలో ‘ఆపెప్’గా ప్రసిద్ధం. ఇందులో కొత్త యంత్రమేదీ లేకపోయినా సాంకేతిక శిక్షణ చరిత్రలో దీనికి ముఖ్యమైన స్థానం ఉంది. ఎందుకంటే, శిక్షణ ముగిశాక ఏమి జరగాలన్న ప్రశ్నకు వ్యవస్థాపరమైన జవాబును ఇది ఇవ్వజూపింది.

ఈ పథకం ఆరు బోధనాసూత్రాలను ప్రతిపాదించింది: ఉపాధ్యాయుడే అభ్యసన కృత్యాలను రూపొందించడం, చేయడం ద్వారా, కనుగొనడం ద్వారా నేర్చుకోవడం, వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి పనుల మేళవింపు, పిల్లల వైయక్తిక భేదాలను పరిగణించడం, స్థానిక పరిసరాలను వినియోగించడం, పిల్లల పనులను ప్రదర్శించి తరగతి గదిని ఆకర్షణీయంగా నిర్వహించడం. తొలి శిక్షణ తరువాత కొంత వ్యవధి ఇచ్చి అనుసరణ శిక్షణ నిర్వహించడం, ఆపైన ఇరుగుపొరుగు బడుల ఉపాధ్యాయులు ఉపాధ్యాయ కేంద్రంలో ఏడాది పొడవునా విడతలుగా కలుసుకోవడం ఇందులోని క్రమం. కోనసీమ వంటి నదీపాయల ప్రాంతంలో ఈ ఏర్పాటు అర్థం స్పష్టం. బొమ్మూరుకు వెళ్ళిరావడానికి రోజు గడిచే చోట, పక్క ఊరి బడిలో కలుసుకోవడం సాధ్యమైన పని.

పథకం మూల్యాంకనంలో ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాల్గొన్నారు. కోలిన్ లేసీ, బ్యారీ కూపర్, హ్యారీ టారెన్స్ 1993లో ప్రకటించిన వ్యాసం ఇంత పెద్ద పథకాన్ని మూల్యాంకనం చేయడంలోని చిక్కులను చర్చించింది. ఆరు సూత్రాలను వరుసగా చూస్తే వాటి స్వభావంలోని తేడా తెలుస్తుంది. పిల్లల బొమ్మలను గోడకు తగిలించడం వెంటనే చేయగలిగినది, తనిఖీకి వచ్చినవారికి కనబడేది. పిల్లల భేదాలను గుర్తించి పాఠాన్ని మలచుకోవడం కాలం పట్టేది, కంటికి ఆనేది కాదు. శిక్షణ ఫలితాన్ని కనబడేదానితో కొలిచినప్పుడు ఉపాధ్యాయులు కనబడేదానినే ముందుగా అమలుచేయడం సహజం. ఇది ఉపాధ్యాయుల లోపం కాదు, కొలత లోపం. విదేశీ సహాయం 1990ల మధ్యలో ముగిశాక కేంద్రాల ఆలోచన స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల రూపంలో కొనసాగింది. ఆ సమావేశం పాఠం గురించిన చర్చగా సాగుతుందా, ఆదేశాలు చదివి వినిపించే వేదికగా మారుతుందా అన్నదాని మీదే దాని విలువ ఆధారపడి ఉంది.

4. తాళం వేసిన గది: కంప్యూటర్ల ప్రవేశం

కేంద్రప్రభుత్వం 1984–85లో ‘క్లాస్’ పేరుతో పాఠశాలల కంప్యూటర్ అక్షరాస్యతా పథకాన్ని సుమారు 250 పాఠశాలల్లో ప్రారంభించింది. బ్రిటన్‌కు చెందిన బి.బి.సి. మైక్రో యంత్రాలను ఇందుకు ఎంచుకున్నారు. ఇక్కడ ఒక మౌలికమైన మార్పు గమనించాలి. అంతవరకు పరికరం పాఠానికి సాధనం. ఇప్పుడు పరికరమే పాఠ్యవిషయమైంది. ఉపాధ్యాయుడు కంప్యూటరుతో తెలుగో గణితమో బోధించడం కాక, కంప్యూటరును గురించి బోధించడం లక్ష్యమైంది.

2004 డిసెంబరులో కేంద్రం ‘ఐ.సి.టి. ఎట్ స్కూల్స్’ పథకాన్ని ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ దశాబ్దంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల కంప్యూటర్ విద్య ప్రధానంగా ప్రైవేటు సంస్థలు గదులను అమర్చి, బోధకులను నియమించి, నిర్ణీత కాలం నడిపి, తరువాత ప్రభుత్వానికి అప్పగించే ఒప్పందపద్ధతిలో సాగింది. దీని ఫలితంగా బడిలో రెండు వర్గాలు ఏర్పడ్డాయి. కంప్యూటరు తెలిసిన ఒప్పంద బోధకుడు ఒకవైపు, పాఠం తెలిసిన ఉపాధ్యాయుడు మరొకవైపు. మొదటివానికి పాఠ్యవిషయంతో నిమిత్తం లేదు. రెండవవానికి యంత్రంతో నిమిత్తం లేదు. ఒప్పందం గడువు తీరి బోధకుడు వెళ్ళిపోయాక, గది తాళంచెవి మాత్రమే ప్రధానోపాధ్యాయుని చేతికి వచ్చింది. శిక్షణ పొందినవాడు బడిలో ఉండకపోవడం, బడిలో ఉండేవాడు శిక్షణ పొందకపోవడం ఈ దశలోని వైఫల్యానికి మూలకారణం.

5. ధ్రువపత్రాల కాలం: 2017 తరువాత

2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన ‘దీక్ష’ వేదిక పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను దృశ్యపాఠాలతో అనుసంధానించింది. 2019 ఆగస్టులో ‘నిష్ఠ’ పేరుతో దేశవ్యాప్తంగా 42 లక్షల మంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలన్న లక్ష్యంతో కార్యక్రమం మొదలైంది. కోవిడ్ కారణంగా అది అంతర్జాలానికి మారినప్పుడు, తొలి ఆన్‌లైన్ నిష్ఠ కార్యక్రమం 2020 జూలై 16న ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక రిసోర్స్ పర్సన్లతోనే ప్రారంభమైంది. 2022 డిసెంబరు 21న ఆరంభించిన పంపిణీలో రాష్ట్రప్రభుత్వం 4,59,564 మంది ఎనిమిదో తరగతి విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు ట్యాబ్‌లు కేటాయించింది. 2023 నుంచి ఉన్నత పాఠశాలల తరగతి గదుల్లో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్ళు నల్లబల్ల స్థానంలోకి రాసాగాయి.

ఆన్‌లైన్ శిక్షణ ఒక పాతచిక్కును తీర్చింది. అంచెలవారీ శిక్షణలో రాష్ట్రస్థాయిలో చెప్పినది జిల్లాకు, జిల్లాలో చెప్పినది మండలానికి దిగేసరికి పలుచబడటం అనివార్యం. ఒకే పాఠం అందరికీ నేరుగా అందడం వల్ల ఆ నష్టం తగ్గింది. మురమళ్ళలోని ఉపాధ్యాయునికి బొమ్మూరు ప్రయాణం తప్పింది. అయితే కొత్తచిక్కు ఒకటి పుట్టింది. శిక్షణ పూర్తయిందనడానికి ప్రమాణం వీడియో చివరిదాకా నడవడం, ప్రశ్నలకు జవాబు గుర్తించడం, ధ్రువపత్రం పొందడం. వీటిలో ఏదీ తరగతి గదిలో జరిగేది కాదు. ఆపెప్ కాలంలో గోడమీది బొమ్మ ఏ పని చేసిందో, ఇప్పుడు ధ్రువపత్రం ఆ పని చేస్తున్నది.

మరొక అంశం కూడా ప్రస్తావించాలి. 2022 ఆగస్టులో ముఖచిత్రం ఆధారంగా హాజరు నమోదుచేసే యాప్‌ను సొంత ఫోన్లలో వాడాలన్న ఆదేశానికి రాష్ట్రంలోని ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. హాజరు నమోదు, భోజనపథకం వివరాలు, పాఠం వీడియో ఒకే ఫోనులో చేరినప్పుడు, ఆ పరికరం ఉపాధ్యాయునికి బోధనాసాధనంగా కంటే పర్యవేక్షణ సాధనంగా తోచడంలో వింతలేదు. పర్యవేక్షణ వేరు, తోడ్పాటు వేరు. ఒకే సాధనం రెండు పనులూ చేయబోతే మొదటిది రెండవదాన్ని మింగివేస్తుంది.

6. ఇతర దేశాల అనుభవం, మన నేల మీది సాక్ష్యం

ఈ క్రమం తెలుగు నేలకే పరిమితం కాదు. చలనచిత్రం, రేడియో, టెలివిజన్ అమెరికా తరగతి గదుల్లో ప్రవేశించిన తీరును లారీ క్యూబన్ 1986లో వెలువరించిన గ్రంథంలో పరిశీలించాడు. ప్రతి కొత్త పరికరం గొప్ప ఆశలతో రావడం, కొద్దిగా వాడబడటం, ఆపైన నింద ఉపాధ్యాయుని మీద పడటం అనే ఆవృత్తిని అతడు గుర్తించాడు. పెరూ గ్రామీణ పాఠశాలల్లో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచిన పథకం గణిత, భాషా పరీక్షల్లో మెరుగుదల చూపలేదని 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

శిక్షణ ఎలా ఉండాలన్న విషయంలో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లో చేసిన విశ్లేషణ నేటికీ ఉపయుక్తం. సిద్ధాంతం చెప్పడం, చేసి చూపడం, అభ్యాసం చేయించడం, తప్పొప్పులు తెలపడం, తరగతిలోనే తోడుండి నేర్పడం అనే అయిదు అంశాలను వారు వేరుచేసి చూశారు. చివరి అంశం లేనప్పుడు నేర్చినది తరగతికి చేరడం కష్టమని వారి వాదన. దక్షిణాఫ్రికాలో సెత్స్వానా మాతృభాషగా గల పిల్లల పఠనం మీద జరిగి 2020లో ప్రచురితమైన అధ్యయనం దీనికి బలమైన సాక్ష్యం. ఉపాధ్యాయులను ఒకచోటికి రప్పించి ఇచ్చిన శిక్షణ కంటే, తరగతికే వెళ్ళి తోడ్పడిన శిక్షణ వల్ల పిల్లల పఠనంలో కలిగిన ప్రగతి దాదాపు రెట్టింపు ఉంది.

మన రాష్ట్రంలోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ జరిపిన ప్రయోగం ఒకటి 2010లో ప్రచురితమైంది. పిల్లల ప్రగతిని గురించిన వివరమైన నివేదికలు ఉపాధ్యాయులకు అందించి, వారి బోధనను మధ్యమధ్య పరిశీలించారు. పరిశీలకులు ఉన్నప్పుడు ఉపాధ్యాయులు మరింత శ్రద్ధగా పనిచేసినట్టు కనిపించినా, పిల్లల మార్కుల్లో తేడా రాలేదు. సమాచారం అందించడం, గమనించడం రెండూ కలిసినా శిక్షణ కాజాలవని ఈ ఫలితం సూచిస్తుంది.

7. తెలుగు తరగతిలో సాంకేతికత: ఒక ఉదాహరణ

పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ 2006లో ప్రతిపాదించిన చట్రం ప్రకారం ఉపాధ్యాయునికి విషయజ్ఞానం, బోధనాజ్ఞానం, సాంకేతికజ్ఞానం విడివిడిగా ఉంటే చాలదు, ఆ మూడూ కలిసే చోటును గుర్తించే నేర్పు కావాలి. తెలుగు బోధనకు దీనిని అన్వయించి చూద్దాం.

ఉత్పలమాల పద్యం బోధించే ఉపాధ్యాయుడు స్పర్శతెర మీద పద్యగానం వీడియో ఆడించడం నేర్చుకున్నాడనుకుందాం. అది సాంకేతికజ్ఞానం. భ, ర, న, భ, భ, ర, వ గణాలనీ, పదవ అక్షరం యతిస్థానమనీ అతనికి తెలుసు. అది విషయజ్ఞానం. సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వాక్షరం గురువవుతుందన్న నియమం దగ్గర పిల్లలు తడబడతారన్నది అనుభవం మీద తెలిసే బోధనాజ్ఞానం. ఈ మూడూ కలిసినప్పుడు అతడు పద్యాన్ని తెర మీద పాదాలుగా విడదీసి, పిల్లలను పిలిచి గురులఘువులు గుర్తింపజేసి, తప్పిన చోట గానాన్ని ఆపి, ఆ అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని చెవితో పోల్చుకోమంటాడు. అప్పుడు ఆ తెర నల్లబల్ల చేయలేని పని చేసింది. అలా కాక వీడియో మొదటినుంచి చివరకు నడిచి ఆగిపోతే, అది క్యాంప్‌బెల్ చూసిన వల్లెవేతకు కొత్తరూపం మాత్రమే.

శిక్షణ తరగతుల్లో పరికరాన్ని వెలిగించడం, ఖాతా తెరవడం, ఫైలు దాచడం అందరికీ ఒకే తీరున నేర్పడం సులభం. గణవిభజన బోధకునికి, భిన్నాలు చెప్పే గణితోపాధ్యాయునికి, వృద్ధ గౌతమిలో పోటు–పాటులను చూపి చంద్రుని ఆకర్షణను వివరించదలచిన విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయునికి వేర్వేరు శిక్షణ కావాలి. శిక్షణసామగ్రి భాష కూడా గమనించదగినది. ఆంగ్లంలో తయారై తెలుగులోకి యాంత్రికంగా మారిన పాఠంలో ఉదాహరణలు పరాయివిగా మిగులుతాయి. స్థానిక పరిసరాలను వినియోగించాలన్న ఆపెప్ సూత్రం అటువంటి సామగ్రిలో ఇమడదు.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలే విషయాలు ఇవి. మొదటిది, పరికరాన్ని గాక పాఠాన్ని కేంద్రంగా చేసుకున్న శిక్షణే తరగతికి చేరుతుంది. సైట్ శిక్షణకు విజ్ఞానశాస్త్రం కేంద్రం, కంప్యూటర్ పథకాలకు యంత్రం కేంద్రం. రెండవది, శిక్షణ ముగిసిన నాటినుంచి మొదలయ్యే తోడ్పాటే శిక్షణలో అసలుభాగం. సైట్‌కు ఇది కొరవడింది. ఆపెప్ దీనికి రూపమిచ్చింది. నేటి ఆన్‌లైన్ శిక్షణ దీనిని మళ్ళీ విస్మరిస్తున్నది. మూడవది, దేనిని కొలుస్తామో అదే అమలవుతుంది. గోడమీది బొమ్మలను, ధ్రువపత్రాలను లెక్కించే పద్ధతి ఉన్నంతకాలం అవే పెరుగుతాయి. నాల్గవది, పరికరం మీద ఉపాధ్యాయునికి అధికారం ఉండాలి. ఏ పాఠానికి దానిని వాడాలో, ఏ పాఠానికి కట్టిపెట్టాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ కూడా ఆ అధికారంలో భాగమే.

ఈ నాలుగింటికీ కొత్త వ్యయం పెద్దగా అవసరం లేదు. ఆన్‌లైన్ పాఠాలు ఉన్నాయి, తరగతి గదుల్లో తెరలు ఉన్నాయి, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. ఐ. పోలవరం మండలంలోని తెలుగు ఉపాధ్యాయులు అటువంటి సమావేశంలో ఒక పద్యపాఠాన్ని ఒకరు బోధించగా మిగిలినవారు చూసి, ఎక్కడ తెర ఉపకరించింది, ఎక్కడ అడ్డుపడింది అని చర్చించుకోగలిగితే, ఉపాధ్యాయ కేంద్రం ఉద్దేశమూ స్పర్శతెర సామర్థ్యమూ ఒకచోట కలుస్తాయి.

విశ్వవిద్యాలయ తెలుగు శాఖలకు ఇందులో నిర్దిష్టమైన బాధ్యత ఉంది. ఉపాధ్యాయ శిక్షణసామగ్రిని ఒక రచనాప్రక్రియగా గుర్తించి, దాని భాషను, ఉదాహరణలను, పరిభాషను పరిశోధించిన సిద్ధాంతవ్యాసాలు రావలసి ఉంది. సైట్ కాలపు కరదీపికలు, ఆపెప్ శిక్షణపుస్తకాలు జిల్లా విద్యాశిక్షణ సంస్థల్లోను, విశ్రాంత ఉపాధ్యాయుల ఇళ్ళలోను దొరికినంతవరకు సేకరించి భద్రపరచడం ఆ పరిశోధనకు తొలిమెట్టు. ఆ పుస్తకాలతో తరగతి గదిలోకి వెళ్ళి పాఠం చెప్పిన తరం ఇప్పటికే విశ్రాంతి పొందింది. వారి అనుభవాన్ని వారి మాటల్లోనే నమోదుచేసుకునే అవకాశం ఇంకా కొద్దికాలమే ఉంటుంది.